మన పంచాంగంలో గ్రీకుల ఆకాశం

తుంగతుర్తి మొదలుకొని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వరకు ఏ ఇంట చూచినా పంచాంగం ఉంటుంది. పుస్తకంగా లేకపోయినా గోడమీది క్యాలెండరులోనైనా ఉంటుంది. పిల్లకు సంబంధం చూడవలెనన్నా, పొలంలో విత్తనం వేయవలెనన్నా దానినే ఆశ్రయిస్తాము. అదే ఇంట బడిపిల్లల పుస్తకంలో జూపిటరు, వీనసు, ఒరాయన్ అనే పేర్లు ఉంటాయి. నాయనమ్మ చెప్పే మృగశిర, పిల్లవాడు చదివే ఒరాయన్ ఒకే చోటి చుక్కలని ఇద్దరిలో ఒకరికీ తెలియదు. పంచాంగమంతా అనాదిగా మనదేనని కొందరి నమ్మకం. గ్రహాల కథలన్నీ గ్రీసు, రోము దేశాలవేనని మరికొందరి నమ్మకం. ఈ రెండింటిలోనూ సగమే నిజం ఉన్నది. ఏది మన ఇంటి సొత్తో, ఏది చుట్టంగా వచ్చి ఇంటిదై పోయినదో విడదీసి చూపడమే మా ఉద్దేశం.

ముందుగా ఇంటి సొత్తు. చంద్రుడు చుక్కల నడుమ ఒకసారి చుట్టి రావడానికి ఇరువదియేడు రోజుల పైచిలుకు పడుతుంది. ఆ దారిలో రోజుకొక మజిలీ చొప్పున మన పూర్వులు 27 నక్షత్రాలను గుర్తించినారు. కృత్తికతో మొదలయ్యే ఈ పట్టిక వేదవాఙ్మయంలోనే ఉన్నది. సూర్యుడు ఇదే దారిలో ఒక్కొక్క నక్షత్రం వద్ద పదమూడు, పదునాలుగు రోజులు ఉంటాడు. ఆ కాలాన్నే మన రైతు కార్తె అంటాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఎరుగని వారు లేరు. జూన్ 7, 8 తేదీలలో మృగశిర కార్తె వచ్చినదంటే సూర్యుడు మృగశిర నక్షత్రం వద్దకు చేరినాడన్నమాట. అందువల్లనే ఆ రోజులలో మృగశిర మనకు కనబడదు. దానిని చూడవలెనంటే ఆరు నెలలు ఆగి, నిండుచంద్రుడు దాని చెంత నిలిచే మార్గశిర మాసంలో తూర్పు దిక్కు చూడవలెను.

ఇక చుట్టంగా వచ్చినవి పన్నెండు రాశులు. సూర్యుని దారిని పన్నెండు సమభాగాలు చేసినవారు బాబిలోనియా దేశస్థులు. వారినుండి గ్రీకులు గ్రహించినారు. గ్రీకులను మన వారు యవనులన్నారు. క్రీస్తు శకపు తొలి శతాబ్దాలలో ఈ విద్య వారి ద్వారా మన దేశానికి చేరినది. దీనికి సాక్ష్యం పరదేశాలలో వెదకనక్కరలేదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశులకు క్రియ, తావురి, జితుమ, లేయ వంటి పేర్లు కూడా చెప్పినాడు. ఇవి సంస్కృతం కావు. గొర్రెపొట్టేలును, ఎద్దును, కవలలను, సింహాన్ని తెలిపే గ్రీకు మాటలు. హోర, కేంద్రం, లిప్త అనే మాటలూ అట్టివే. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రంలో ఋషులవలె పూజ్యులేనని ఆయన బృహత్సంహితలో అంగీకరించినాడు. తీసుకొన్న విద్యను దాచుకొనక చెప్పిన ఆ నిజాయితీ మనం గుర్తుంచుకొనదగినది.

గ్రీకులకు ప్రతి రాశికీ ఒక కథ ఉన్నది. ఫ్రిక్సస్, హెల్లీ అనే అన్నాచెల్లెళ్లను సవతితల్లి బారినుండి తప్పించి, వీపుమీద మోసుకొనిపోయిన బంగారు ఉన్ని పొట్టేలు వారి మేషం. యూరోపా అనే రాజకుమారిని సముద్రం దాటించిన ఎద్దు, అనగా మారువేషంలో ఉన్న దేవరాజు జ్యూస్, వారి వృషభం. హెరాక్లిస్ అనే వీరుడు చంపిన సింహం వారి సింహరాశి. మనుషులలో అధర్మం పెరిగినందుకు విసిగి భూమిని విడిచిన న్యాయదేవత వారి కన్య. ఆమె చేతి ధాన్యపు కంకియే మన చిత్త నక్షత్రం. వింత ఏమంటే, బొమ్మలు మన దేశానికి వచ్చినవి గాని కథలు రాలేదు. వరాహమిహిరుని కన్య కూడా పైరు పట్టుకొనియే ఉంటుంది. కాని ఆమె పడవలో కూర్చుండి, నిప్పును కూడా ధరించి ఉంటుంది. ఆమె ఎవరి బిడ్డయో, భూమిని ఎందుకు విడిచినదో మన వారు అడుగలేదు. ఆకాశం నిండా అప్పటికే మన కథలు ఉన్నవి.

వారాల సంగతి కూడా ఇట్టిదే. రోమనులకు సూర్యుడు, చంద్రుడు, మార్సు, మెర్క్యురీ, జూపిటరు, వీనసు, సాటర్ను ఏ వరుసలో వారాధిపతులో, మనకు రవి, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శనులు అదే వరుసలో వారాధిపతులు. ఈ వరుసకు మూలం హోరల లెక్క. నెమ్మదిగా నడిచే గ్రహం మొదలుగా శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులను వరుసగా నిలుపవలెను. గంటకొక గ్రహాన్ని అధిపతిగా చేయవలెను. శనివారం తొలి గంట శనిది. ఇరువదినాలుగు గంటలలో ఏడు గ్రహాలు మూడేసి మార్లు తిరుగగా ఇంకా మూడు గంటలు మిగులుతాయి. అవి శని, గురు, కుజులవి. మరునాటి తొలి గంట రవికి వస్తుంది, అదే ఆదివారం. ఈ లెక్క మన దేశంలో త్వరలోనే పాతుకొన్నది. వారం పేరు కనబడే మిక్కిలి పాత శాసనాలలో ఒకటి మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ శాసనం. దాని కాలం క్రీ.శ. 484.

గ్రహాలకు దేవతలను అమర్చడంలో మాత్రం మన దారి మనది. ఎర్రగా మెరిసే గ్రహం రోమనులకు యుద్ధదేవుడు మార్సు. మనకు భూమిపుత్రుడైన అంగారకుడు. వేగుచుక్కగా వెలిగే గ్రహం వారికి ప్రేమదేవత వీనసు. మనకు రాక్షసుల గురువైన శుక్రాచార్యుడు. అయినా అది సూర్యకాంతిలో మునిగి కనబడని రోజులను శుక్రమౌఢ్యమని మనం పెండ్లిండ్లు మానుకొంటాము. చుక్కలనడుమ ఒక చుట్టుకు ఇరువదితొమ్మిదిన్నర సంవత్సరాలు తీసుకొనే గ్రహం వారికి ముసలి దేవుడు సాటర్ను. మనం ఆ మందగమనాన్నే పేరుగా చేసి శనైశ్చరుడన్నాము. ఆయన ఒక్కొక్క రాశిలో సుమారు రెండున్నర ఏండ్లుంటాడు. మూడు రాశులకు ఏడున్నర ఏండ్లు. ఏలినాటి శని లెక్క అదే.

జూపిటరు రోమనులకు దేవతల రాజు. మనకు బృహస్పతి, దేవతల గురువు. పన్నెండేండ్లకు కొంచెం తక్కువ కాలంలో ఆయన రాశులన్నీ తిరిగి వస్తాడు. కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణా పుష్కరం. 2016 ఆగస్టులో మఠంపల్లి దగ్గరి మట్టపల్లిలోనూ, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లిలోనూ లక్షల మంది స్నానాలు చేసినారు. ఆ పుణ్యకాలంలో నది మనది, గురువు మనవాడు, ఆయన అడుగుపెట్టిన కన్య మాత్రం యవనుల ఇంటినుండి వచ్చిన ఆడపడుచు. ఇన్ని శతాబ్దాలకు ఆమెను పరాయిదని ఎవరనగలరు?

ఒకరినుండి ఒకరు తీసుకొనకపోయినా ఒకే చుక్కలు ఇద్దరి చేత ఒకే విధమైన కథ చెప్పించిన సందర్భాలు కూడా ఉన్నవి. ఒరాయన్ గ్రీకులకు వేటగాడు. తేలు కుట్టి మరణించినాడు. కాబట్టియే తూర్పున వృశ్చికం లేచేవేళకు పడమట అతడు క్రుంకిపోతాడని వారంటారు. ఐతరేయ బ్రాహ్మణంలోనూ అక్కడ వేటయే జరుగుతుంది. పాత్రలు మాత్రం తారుమారు. రోహిణిని వెంబడించిన ప్రజాపతి లేడియై మృగశిర వద్ద నిలిచినాడు. గ్రీకులు వేటగాని నడికట్టు అన్న మూడు చుక్కలు మనకు లేడికి తగిలిన బాణం. వారు వేటకుక్క అన్న మహోజ్జ్వల తార మనకు మృగవ్యాధుడు, అనగా వేటగాడు.

కృత్తికల కథ మరింత చిత్రం. మన పల్లెలలో వాటిని పిల్లలకోడి అంటారు. గ్రీకులకు వారు అట్లాసుని ఏడుగురు కూతుళ్లు. ఒకతె సిగ్గుతో ముఖం దాచుకొన్నది. మహాభారతంలో సప్తర్షుల భార్యలు ఏడుగురు. నింద పడి భర్తలు విడిచిన ఆరుగురు కృత్తికలై కుమారస్వామికి తల్లులైనారు. అరుంధతి ఒక్కతె వసిష్ఠుని చెంతనే నిలిచినది. పెండ్లిలో మనం చూపేది ఆమెనే. ఏడుగురిలో ఒకతె ఎందుకు కనబడదన్న ప్రశ్న రెండు దేశాలలోనూ పుట్టినది. మామూలు కంటికి అక్కడ ఆరు చుక్కలే తోచడమే దానికి కారణం కావచ్చును.

నేటి విజ్ఞానం కూడా పాత పేర్లను వదలలేదు. 1781లో కనుగొన్న గ్రహానికి యురేనస్, 1846లో కనుగొన్నదానికి నెప్ట్యూన్ అని దేవతల పేర్లే పెట్టినారు. 1930లో కనుగొన్న ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహాలలో చేర్చినా పాతాళాధిపతి పేరు దానికి అట్లే ఉన్నది. మన హైదరాబాదు నిజామియా వేధశాలవారు 1914 నుండి 1929 వరకు శ్రమించి నాలుగు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచినారు. అన్నిటికీ కథలు చెప్పడం ఎవరి తరమూ కాదు. వాటికి అంకెలే గతి. కథలున్న చుక్కలు కొన్నియే. ఆ కొన్నిటినైనా ఇంటిలో తెలిసిన పెద్దలు ఉండగానే పిల్లలు తెలుసుకొనవలెను.

కార్తిక, మార్గశిర మాసాలలో రాత్రి భోజనం ముగిసిన తరువాత వీధి దీపాలకు దూరంగా మేడ మీదనో, పొలం గట్టు మీదనో నిలిచి తూర్పుగా చూడవలసినదని మా మనవి. పిల్లలకోడి ముందు నడుస్తుంది. వెనుక ఎర్రని రోహిణి, ఆ వెనుక మూడు చుక్కల బాణం వస్తాయి. పిల్లవాడు ఒరాయన్ అని చూపినప్పుడు నాయనమ్మ మృగశిర అని చెప్పవలెను. ఇద్దరూ చెప్పేది నిజమే.