పాట రికార్డు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్?

మన బడిలో పాటలు, పద్యాలు నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు: "ఇంట్లో రికార్డు చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ?" దానికి మేము ఎదురు ప్రశ్న వేస్తాం. మీ అమ్మాయి ముందు ఏం చేస్తుంది? పాడుతుందా, కీబోర్డు వాయిస్తుందా, లేక ముందు తాళం కట్టుకుని దాని మీద పాట పేరుస్తుందా? ఎంపిక అంతా ఆ మొదటి పనిని బట్టే ఉంటుంది. సినిమా స్టూడియోల్లో వాడతారు కదా అని ప్రో టూల్స్ లాంటిది తెచ్చిపెడితే, తెర నిండా ఉన్న మీటలు చూసి పిల్లలు రెండో రోజే పక్కన పడేస్తారు.

మాకు అన్నిటికంటే ముఖ్యమైనది పద్యం. పద్యానికి ఛందస్సు ఉంటుంది గాని, రాగం తీసి పాడేటప్పుడు గడియారం లెక్క ఉండదు. ఈ సాఫ్ట్‌వేర్లు చాలావరకు తెరవగానే నిమిషానికి 120 దెబ్బల లయతో, నాలుగేసి దెబ్బల గళ్ళతో సిద్ధంగా ఉంటాయి. చెవిలో టక్ టక్ మంటుంటే పిల్లవాడు పద్యాన్ని దానికి తగ్గట్టు విరిచేస్తాడు. సీసపద్యంలో పాదం చివర తీసే రాగం కాస్తా ఎగిరిపోతుంది. కాబట్టి పద్యానికి ఆ క్లిక్ ఆపేయండి. హెడ్‌ఫోన్లలో తంబుర శ్రుతి ఒక్కటి చాలు. ఈ పనికి మేము చెప్పేది ఆడాసిటీ. 2000లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. తెరవగానే కాలాన్ని నిమిషాలు, సెకన్లలో చూపిస్తుంది. పద్యానికి కావలసింది అదే. ఇంట్లో మాక్ ఉంటే గరాజ్‌బ్యాండ్ కూడా ఉచితమే, కాకపోతే అందులో క్లిక్‌ను మనమే ఆపుకోవాలి.

తాళంతో పాడే కీర్తనల సంగతి వేరు. ఆది తాళం ఎనిమిది దెబ్బలు గనుక ఆ నాలుగు గళ్ళలో సుఖంగా ఇముడుతుంది. ఖండ చాపుకు 5, మిశ్ర చాపుకు 7 కావాలి. రీపర్‌లో ఈ కొలతలు సులువుగా పెట్టుకోవచ్చు. 60 రోజులు పూర్తిగా వాడి చూడనిస్తారు, ఆ తర్వాత సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు.

కీబోర్డు వాయించే పిల్లలకు మిడి ఉపయోగం. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో రికార్డయ్యేది శబ్దం కాదు. ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎంతసేపు నొక్కారన్నది మాత్రమే. తప్పు స్వరం పడితే తర్వాత తీరిగ్గా జరుపుకోవచ్చు. కాని అక్కడ స్థాయికి పన్నెండు మెట్లే. తోడి గాంధారం ఏ ఒక్క మెట్టు మీదా నిలబడదు కదా! గమకం ఎక్కువగా ఉన్న పాటయితే గొంతునో, వయొలిన్‌నో నేరుగా మైకుతోనే రికార్డు చేయడం మేలు. శ్రుతి దిద్దే ఆటోట్యూన్‌తోనూ ఇదే చిక్కు. దాన్ని గట్టిగా బిగిస్తే గమకాన్ని అపస్వరం అనుకుని చదును చేసేస్తుంది.

కోలాటం పాటలా చిన్న చిన్న తాళపు ముక్కలు అల్లుకుంటూ పోయేవాళ్ళకు ఎఫ్ఎల్ స్టూడియో హాయిగా ఉంటుంది. ఒక జాగ్రత్త: ఉచితంగా ఇచ్చే ట్రయల్‌లో చేసిన పనిని దాచుకోవచ్చు గాని, కొనేదాకా మళ్ళీ తెరవనివ్వదు. నృత్యనాటికలకు ఏబుల్‌టన్ లైవ్ బాగా పనికొస్తుంది. వేదిక మీదికి పాప రావడం ఆలస్యమైతే, మనం నొక్కేదాకా అదే ముక్క తిరుగుతూ ఉంటుంది.

ఏది వాడినా, ఫ్యాను చప్పుడు పోవాలని నాయిస్ రిడక్షన్ మరీ ఎక్కువ పెట్టకండి. శ, ష, స మూడూ ఒకేలా వినపడతాయి. పిల్లల చేత ఆ తేడా పలికించడానికి మన టీచర్లు ఏడాదంతా పడ్డ శ్రమ అందులో కొట్టుకుపోతుంది! రికార్డు చేసే పది నిమిషాలూ ఫ్యానే ఆపేయండి.

పని పూర్తయ్యాక ఒక్కొక్క ట్రాకునూ విడివిడిగా వేవ్ ఫైలుగా తీసి పెట్టుకోండి. ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైలు మరొకదానిలో సాధారణంగా తెరుచుకోదు, వేవ్ ఫైలు మాత్రం అన్నిటిలోనూ తెరుచుకుంటుంది. సీడీ నాణ్యతలో స్టీరియో అయితే నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు పడుతుంది. ఫైలు పేరులోనే పిల్లల పేరు, తేదీ, పాడిన శ్రుతి రాసి పెట్టండి.