రెజ్లర్లను రెండు షోలుగా విడదీస్తే ఫలితం ఉంటుందా? డబ్ల్యూడబ్ల్యూఈ అనుభవం చెబుతున్నదేమిటి

2007 మే, జూన్ నెలల్లో జాన్ సీనా చేతిలో వరుసగా రెండు ప్రధాన పోటీల్లో ఓడిపోయిన దలీప్ సింగ్ రాణా, జులైలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 'ది గ్రేట్ ఖలీ'గా పేరొందిన ఈ హిమాచల్ ప్రదేశ్ మల్లయోధుడు డబ్ల్యూడబ్ల్యూఈలో ప్రపంచ టైటిల్ అందుకున్న తొలి భారతీయుడు.

ఈ మధ్యకాలంలో ఆయన సీనా నుంచి టైటిల్ గెలుచుకోలేదు. షో మాత్రం మారారు.

'రా' కార్యక్రమంలో ఉన్న ఖలీని జూన్‌లో 'స్మాక్‌డౌన్' కార్యక్రమానికి కేటాయించారు. అక్కడ మరో ప్రపంచ టైటిల్ ఉంది. దానిని గెలుచుకున్న ఎడ్జ్ గాయపడి బెల్టు వదులుకోవలసి రావడంతో, 20 మంది తలపడిన బ్యాటిల్ రాయల్ పోటీలో ఖలీ నెగ్గారు. సీనా 'రా'లో తన బెల్టుతో ఛాంపియన్‌గానే కొనసాగారు.

ఒకే సంస్థలో ఒకరికి మించి ప్రపంచ ఛాంపియన్లు ఉండటం కొత్త ప్రేక్షకుడికి విచిత్రంగా తోచవచ్చు. దీనికి మూలం 2002లో ఆ సంస్థ తీసుకున్న ఒక నిర్ణయంలో ఉంది. తన రెజ్లర్లందరినీ రెండు జట్లుగా విడదీసి, ఒక్కో జట్టును ఒక్కో టీవీ షోకు పరిమితం చేయడమే ఆ నిర్ణయం. దీనినే 'బ్రాండ్ విభజన' అంటారు. ఇరవై ఏళ్లకు పైబడిన కాలంలో ఈ విభజన ఒకసారి రద్దయింది, మళ్లీ పుట్టింది, పలుమార్లు సడలింది. ఇంతకీ ఇది విజయవంతమయ్యే పద్ధతేనా అన్న చర్చ మాత్రం ఆగలేదు.

విభజన అవసరం ఎందుకు వచ్చింది?

1990ల ద్వితీయార్ధంలో అమెరికా రెజ్లింగ్ రంగంలో రెండు పెద్ద సంస్థల మధ్య తీవ్రమైన పోటీ నడిచింది. ఒకటి విన్స్ మెక్‌మాన్ నాయకత్వంలోని డబ్ల్యూడబ్ల్యూఎఫ్. రెండోది టెడ్ టర్నర్ యాజమాన్యంలో ఎదిగిన డబ్ల్యూసీడబ్ల్యూ. సోమవారం రాత్రి రెండింటి కార్యక్రమాలూ వేర్వేరు ఛానళ్లలో ఒకే వేళకు ప్రసారమయ్యేవి. 2001 మార్చిలో మెక్‌మాన్ సంస్థ డబ్ల్యూసీడబ్ల్యూను కొనుగోలు చేయడంతో ఆ పోటీ ముగిసింది.

దీనితో రెండు సమస్యలు ఎదురయ్యాయి. మొదటిది, ఒకే సంస్థలో అవసరానికి మించి రెజ్లర్లు చేరారు. టీవీలో కనిపించే సమయం పెరగలేదు గానీ, ఆ సమయం కోసం ఎదురుచూసేవారు పెరిగారు. రెండోది, ప్రేక్షకుడికి పోల్చి చూసుకునేందుకు మరో పెద్ద షో లేకుండా పోయింది.

బయట పోటీ లేనప్పుడు ఇంట్లోనే పోటీ సృష్టించాలన్నది సంస్థ ఆలోచన. 2002 మార్చి 25న 'రా' కార్యక్రమంలో పంపకం జరిగింది. కథ ప్రకారం రిక్ ఫ్లెయర్ 'రా' పక్షాన, విన్స్ మెక్‌మాన్ 'స్మాక్‌డౌన్' పక్షాన వంతులవారీగా రెజ్లర్లను ఎంచుకున్నారు. మెక్‌మాన్ తొలి ఎంపిక ది రాక్. ఫ్లెయర్ తొలి ఎంపిక అండర్‌టేకర్. కొద్ది వారాలకే, అదే ఏడాది మే నెలలో సంస్థ పేరు కూడా డబ్ల్యూడబ్ల్యూఈగా మారింది.

రెజ్లింగ్‌లో జయాపజయాలు ముందే నిర్ణయమై ఉంటాయన్నది బహిరంగ విషయమే. అందువల్ల ఇక్కడ పోటీ అంటే ఫలితాల పోటీ కాదు. ప్రేక్షకుడి ఆసక్తి కోసం జరిగే పోటీ. ఎవరిని ఎవరితో తలపడనివ్వాలి, ఎవరిని ఎవరికి దూరంగా ఉంచాలి అన్నదే ఆ ఆసక్తికి ఇంధనం. రెండు షోల మధ్య సరిహద్దు గీయడంలోని అసలు ఉద్దేశం ఈ దూరాన్ని సృష్టించడమే.

తొలి సంవత్సరాల్లో ఏం జరిగింది?

విభజన ఫలించిన సందర్భాలు చాలానే ఉన్నాయి. 2002 జూన్‌లో కర్ట్ యాంగిల్‌తో తలపడుతూ 'స్మాక్‌డౌన్'లో అడుగుపెట్టిన కొత్త కుర్రాడే జాన్ సీనా. కొద్ది వారాలకు రే మిస్టీరియో అదే షోలో చేరారు. భారీకాయులదే పైచేయిగా ఉన్న ఆ సంస్థలో మిస్టీరియో పొట్టివాడు. 2006 రెజిల్‌మేనియాలో ఆయన ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 2004 ఫిబ్రవరిలో ఎడ్డీ గెరెరో అదే 'స్మాక్‌డౌన్' వేదికగా బ్రాక్ లెస్నర్‌ను ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్ సాధించారు.

అదే కాలంలో 'రా'లో ట్రిపుల్ హెచ్ ఆధిపత్యం నడుస్తోంది. ఒకే ప్రపంచ టైటిల్, ఒకే షో ఉండి ఉంటే ఆయన నీడ దాటి ఇంతమంది పైకి రావడం కష్టమయ్యేది.

ఈ పద్ధతి సత్తా స్పష్టంగా కనిపించిన రోజు 2005 ఏప్రిల్ 3. ఆ రాత్రి రెజిల్‌మేనియాలో 'రా' టైటిల్‌ను ట్రిపుల్ హెచ్ నుంచి బటిస్టా, 'స్మాక్‌డౌన్' టైటిల్‌ను జేబీఎల్ నుంచి సీనా గెలుచుకున్నారు. ఒకే రాత్రి ఇద్దరు కొత్త తారలు శిఖరానికి చేరారు. అదే జూన్‌లో సీనాను 'రా'కు, బటిస్టాను 'స్మాక్‌డౌన్'కు మార్చారు. మూడేళ్లపాటు గోడ నిలిచి ఉండటం వల్లే ఆ మార్పు ఒక వార్త అయింది. నిత్యం అటూ ఇటూ తిరిగే వ్యక్తి స్థానం మారితే ఎవరూ పట్టించుకోరు.

సరిహద్దు ఎలా చెరిగిపోయింది?

విభజనను పూర్తిగా అమలు చేయాలంటే ప్రతి షోకూ సొంత ఛాంపియన్లు, సొంత ప్రత్యేక కార్యక్రమాలు ఉండాలి. 2003 జూన్ నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ తన పే-పర్-వ్యూ కార్యక్రమాల్లో చాలావాటిని ఏదో ఒక షోకే కేటాయించింది. ప్రేక్షకుడు డబ్బు చెల్లించి చూసే కార్యక్రమాలివి. వాటిలో సగం మంది తారలే కనిపిస్తే ఆకర్షణ తగ్గుతుంది. 2007 రెజిల్‌మేనియా తర్వాత ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, అన్ని జట్లనూ ఒకే వేదికపైకి తెచ్చారు.

దానికి ముందే, 2006లో ఈసీడబ్ల్యూ పేరుతో మూడో షోను ప్రారంభించారు. రెండు షోలకే తారలను సర్దడం కష్టమవుతున్న వేళ మూడో వాటా ఏర్పడింది. అది 2010 ఫిబ్రవరిలో ముగిసింది. క్రమంగా ఒక షో రెజ్లర్లు మరో షోలో కనిపించడం మామూలైంది. 2011 ఆగస్టు 29 నుంచి 'రా'లో అందరూ పాల్గొనవచ్చని ప్రకటించడంతో తొలి విభజన ముగిసినట్లయింది. 2013 డిసెంబరులో సీనాను రాండీ ఆర్టన్ ఓడించడంతో రెండు ప్రపంచ టైటిళ్లు ఒకటయ్యాయి.

2016 జులైలో 'స్మాక్‌డౌన్' మంగళవారం ప్రత్యక్ష ప్రసారానికి మారినప్పుడు విభజన మళ్లీ వచ్చింది. 'రా' నిడివి మూడు గంటలు, 'స్మాక్‌డౌన్'ది రెండు గంటలు కావడంతో అక్కడ ముగ్గురిని ఎంచుకుంటే ఇక్కడ ఇద్దరిని ఎంచుకోవాలని నిర్ణయించారు. వాటాల్లోనే తేడా ఉన్నా, తొలి నెలల్లో చిన్న జట్టు మంచి పేరు తెచ్చుకుంది. ఏజే స్టైల్స్ అక్కడ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. కొత్తగా ఏర్పాటు చేసిన స్మాక్‌డౌన్ మహిళల టైటిల్‌ను తొలిసారి బెకీ లించ్ గెలిచారు.

అయితే పాత కథే పునరావృతమైంది. ఒక షోకే పరిమితమైన పే-పర్-వ్యూలను రెండేళ్లు తిరగకుండానే 2018లో ఆపేశారు. 2019 మేలో 'వైల్డ్ కార్డ్' పేరిట కొందరు రెజ్లర్లు అవతలి షోలో కనిపించేందుకు అనుమతించారు. ఆ అక్టోబరులో 'స్మాక్‌డౌన్' ఫాక్స్ ఛానల్‌కు మారే వేళకు మళ్లీ ఎంపికలు జరిపి గోడ కట్టవలసి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రోమన్ రైన్స్ రెండు ప్రపంచ టైటిళ్లనూ తన వద్దే ఉంచుకోవడంతో, ఏడాదికి పైగా 'రా'కు సొంత ప్రపంచ ఛాంపియన్ లేకుండా పోయారు.

రెండు ప్రయోగాల్లోనూ ఒక పోలిక కనిపిస్తుంది. ప్రేక్షకుల సంఖ్య తగ్గిందనిపించిన ప్రతిసారీ అవతలి షో నుంచి పెద్ద తారను రప్పించడం సులభమైన పరిష్కారంగా కనిపించింది. ఆ వారానికి అది పనిచేయవచ్చు. కానీ ఆ తారను మరో షోలో చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం ఒక్కసారికే పరిమితం. గోడ కట్టినవారే తలుపు తెరిచి ఉంచితే, ఆ గోడను నమ్మేవారు ఉండరు.

నష్టపోయేది ఎవరు?

ఈ నిర్ణయాల ప్రభావం అగ్రతారలపై స్వల్పమే. సీనా, రైన్స్ వంటివారికి ఒక షో ఉన్నా, రెండు షోలు ఉన్నా చోటు ఉంటుంది. అసలు ప్రభావం మధ్యశ్రేణిపైనే పడుతుంది. డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్లను ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా పరిగణిస్తుంది. వారికి కార్మిక సంఘం లేదు. టీవీలో కనిపించే నిమిషాలే వారి గుర్తింపుకు, బేరమాడే శక్తికి ఆధారం.

జిందర్ మహల్ ఇందుకు తగిన ఉదాహరణ. భారత సంతతికి చెందిన ఈ కెనడా రెజ్లర్‌ను సంస్థ 2014లో వదులుకుంది. రెండు జట్లు నింపవలసి వచ్చిన 2016లో తిరిగి తీసుకుంది. 2017 ఏప్రిల్‌లో 'స్మాక్‌డౌన్'కు మారిన మహల్, మరుసటి నెలలోనే ఆర్టన్‌ను ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయ్యారు. ఆ ఏడాది నవంబరు వరకు టైటిల్ ఆయన వద్దే ఉంది.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. బెల్టులు రెట్టింపైతే ఒక్కో బెల్టు విలువ తగ్గుతుందన్నది విమర్శకుల వాదన. ఖలీ, మహల్ విజయాలపైనా ఈ విమర్శ వచ్చింది. సిద్ధంగా లేనివారికి అగ్రస్థానం దక్కుతుందన్న ఆక్షేపణను తోసిపుచ్చలేం. అవకాశం పెరగడం, ప్రమాణం పలచబడటం ఒకే నిర్ణయానికి రెండు ఫలితాలు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి?

2023 మేలో సేథ్ రోలిన్స్ గెలుచుకున్న కొత్త వరల్డ్ హెవీవెయిట్ టైటిల్‌తో 'రా'కు మళ్లీ సొంత ఛాంపియన్ వచ్చారు. అంతకంటే ముఖ్యమైన మార్పు ప్రసార హక్కుల్లో జరిగింది. అమెరికాలో 'స్మాక్‌డౌన్' 2024 సెప్టెంబరులో యూఎస్ఏ నెట్‌వర్క్‌కు చేరగా, 'రా' 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌కు మారింది. రెండు షోలకు ఇద్దరు కొనుగోలుదారులు ఉన్నప్పుడు, తాను డబ్బు చెల్లించిన షోకు తనవైన తారలు ఉండాలని ప్రతి ఒక్కరూ ఆశిస్తారు. గతంలో ఊహల్లో ఉన్న సరిహద్దుకు ఇప్పుడు ఒప్పందాల బలం తోడైంది.

భారత ప్రేక్షకుడి స్థితి వేరు. ఇక్కడ 2025 ఏప్రిల్ నుంచి రెండు షోలూ నెట్‌ఫ్లిక్స్‌లోనే లభిస్తున్నాయి. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలిలోని ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన జరిగింది. రోలిన్స్‌తో కలిసి సీనా బరిలోకి దిగారు. ఏళ్లకోసారి వచ్చే ఇటువంటి ప్రదర్శనలో అందరూ ఒకే వేదికపై కనిపించాలనే అభిమాని కోరుకుంటాడు. వారం వారం షో చూసేటప్పుడు మాత్రం కొత్త ముఖాలు ఎదగాలని ఆశిస్తాడు. ఒకే ప్రేక్షకుడిలోని ఈ రెండు కోరికల మధ్యే విభజన నలుగుతోంది.

విభజన విజయవంతం కాగలదా అన్న ప్రశ్నకు ఈ చరిత్ర ఇచ్చే సమాధానం షరతులతో కూడినది. కొత్తవారిని తయారుచేయడంలో అది ఫలించింది. తక్షణ ఆదాయం కోరినప్పుడల్లా విఫలమైంది. ఒక షో కొంతకాలం వెనుకబడినా సహించి, అందులో ఉన్నవారితోనే దానిని నిలబెట్టే ఓర్పు యాజమాన్యానికి ఉండాలి. ఆ ఓర్పు ఉన్న 2002-05 మధ్య సీనా, బటిస్టా తయారయ్యారు. రేపటి అగ్రతారలు తయారయ్యేదీ లేనిదీ, ప్రేక్షకాదరణ కాస్త తగ్గిన వారంలో సరిహద్దును ఎంత గట్టిగా కాపాడతారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.