పాలీహౌస్‌లో క్రిస్మస్ పువ్వు: తెల్లదోమ, కుళ్ళు తెగుళ్ళ నుంచి పాయిన్‌సెట్టియాను కాపాడుకోవడం ఎలా?



మదనపల్లె అంటే టమాటా. పుంగనూరు, కుప్పం వైపు పోతే టమాటాతో పాటు బంతి, చామంతి, అక్కడక్కడ పాలీహౌస్‌లలో జెర్బెరా, క్యాప్సికం కనిపిస్తాయి. నేను నా 10 సెంట్ల పాలీహౌస్‌లో ఒక మూల పాయిన్‌సెట్టియా వేస్తున్నా. క్రిస్మస్ ముందు బెంగళూరు నర్సరీల్లో ఎర్రగా కుండీల్లో కనిపించే మొక్క ఇదే. ఆ ఎరుపు పువ్వు కాదు, ఆకులు. నడిమధ్యలో ఉండే చిన్న పసుపు మొగ్గలే అసలు పువ్వులు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనం అమ్మేది ఆకును కాబట్టి, ఆకు మీద మచ్చ పడిందంటే సరుకు పోయినట్లే.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెప్తా. ఒక నర్సరీ నుంచి తెచ్చిన కటింగ్స్‌ను ఆ రోజే నేరుగా పాలీహౌస్‌లో పెట్టేసినా. ఆకు తిరగేసి చూడలేదు. ఆరు వారాలకు కుండీ కదిపితే చాలు, తెల్లగా పొడి లేచినట్లు దోమ లేచేది. 600 కుండీల్లో 140 దాకా అమ్మకానికి పనికిరాలేదు. అంతకంటే బాధ పెట్టింది పక్క చేను పెద్దాయన మాట. "ఏం నాయనా, పూలింట్లో తెల్లదోమను పెంచుతాండావా? నా టమాటా అంతా ముడుచుకుపోతాంది" అన్నాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ దోమ కథ మన పక్కూరిదే

1986లో అమెరికాలోని ఫ్లోరిడాలో గ్రీన్‌హౌస్ పాయిన్‌సెట్టియా మీద తెల్లదోమ విపరీతంగా పెరిగింది. అక్కడి నుంచి టమాటాకు, ఇతర పంటలకు పాకింది. శాస్త్రవేత్తలు దాన్ని బెమీసియా టబాసిలో 'బి' రకం అన్నారు. పాయిన్‌సెట్టియా రకం అని కూడా పిలిచేవాళ్ళు. మన దేశంలో ఆ 'బి' రకాన్ని మొదట గుర్తించింది 1999లో, మన పక్కనే ఉన్న కోలారులో, ఆకుముడతతో దెబ్బతిన్న టమాటా తోటల్లో.

టమాటా ఆకుముడత వైరస్‌ను మోసేది తెల్లదోమే. మన పాలీహౌస్‌లో పెరిగిన దోమ బయటికిపోయి, జబ్బున్న టమాటా మొక్కలో రసం పీల్చి, మంచి మొక్క మీద వాలుతుంది. అట్లా జబ్బు చేను చేనుకూ పోతుంది. అటునుంచి ఇటు కూడా అంతే. కాపు అయిపోయిన టమాటా చేను పీకేసిన రోజు అక్కడి దోమంతా మన పాలీహౌస్ వైపు వస్తుంది. కాబట్టి ఇది మన ఒక్కరి పంట సంగతి కాదు.

తెల్లదోమకు మనం చేయాల్సింది

1. కొత్త కటింగ్స్‌ను రెండు మూడు వారాలు విడిగా, వల కింద పెట్టండి. వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద దోమ కావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. లోపల ఏముందో ఆ గడువులోనే బయటపడుతుంది.

2. పక్క కర్టెన్లకు 40 మెష్ లేదా అంతకంటే సన్నని పురుగుల వల, వాకిలికి రెండు తలుపులు పెట్టండి. సన్న వల గాలిని కూడా ఆపుతుంది కాబట్టి వల విస్తీర్ణం ఎక్కువగా ఉండాలి.

3. బల్లల కింద కలుపు వద్దు. ముఖ్యంగా నానబాలు. అదీ పాయిన్‌సెట్టియా కుటుంబమే. తుత్తురుబెండ, వయ్యారిభామ కూడా పీకేయండి.

4. పసుపు జిగురు అట్టలు మొక్కల తలల ఎత్తులో కట్టి, వారానికి ఒకరోజు లెక్కపెట్టి రాసుకోండి. వరుసగా రెండు వారాలు లెక్క పెరిగితే నేను మందు మొదలుపెడతా. అట్టతోనే దోమ పోదు, అది మనకు కబురు చెప్తుంది, అంతే.

5. వేపనూనె లీటరు నీటికి 3 మి.లీ., కుంకుడుకాయ రసంలో బాగా కలిపి, సాయంత్రం పూట, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి. పిల్ల పురుగులు అక్కడే అతుక్కుని ఉంటాయి. పైపైన కొడితే దండగ. గుడ్లకు మందు సరిగా పట్టదు కాబట్టి 5–7 రోజుల తేడాతో మూడుసార్లు కొట్టాలి. ముందు పది కుండీల మీద కొట్టి మూడు రోజులు చూడండి.

6. సెప్టెంబరు లోపల వెర్టిసిలియం లెకాని 5 గ్రాములు లీటరు నీటికి కలిపి కొట్టొచ్చు. ఈ బూజు పనిచేయాలంటే గాలిలో తేమ ఉండాలి.

నీమాస్త్రం సంగతి చాలామంది అడుగుతారు. పేడ కలిసిన ద్రావణం ఎంత వడగట్టినా ఆకు మీద మరక వదులుతుంది. మొక్క పచ్చగా ఉన్నప్పుడు పర్వాలేదు. అక్టోబరు తర్వాత ఆకు ఎర్రబడటం మొదలైతే నీమాస్త్రం, పుల్లటి మజ్జిగ, నూనె ఏదీ ముట్టుకోకండి. యుద్ధమంతా ఎరుపు రాకముందే అయిపోవాలి. ఎరుపు వచ్చాక చేతిలో మిగిలేది అట్టలు, దోమ పట్టిన కింది ఆకులు తుంచెయ్యడం మాత్రమే.

కుళ్ళు తెగుళ్ళు

వేరుకుళ్ళుకు మూలం ఎక్కువ నీళ్ళే. కుండీ ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటేనే నీళ్ళు పోయండి. మధ్యాహ్నం మొక్క వాడినట్లుంది, మట్టి మాత్రం తడిగా ఉంది అంటే అది దాహం కాదు, వేరు పాడైంది. అప్పుడు ఇంకా నీళ్ళు పోస్తే చచ్చిపోతుంది. కొబ్బరి పొట్టును బాగా కడిగి, బాగా చివికిన ఎరువులో పెంచిన ట్రైకోడెర్మా విరిడి కలిపి కుండీలు నింపండి. కుండీల చుట్టూ సన్న నల్ల దోమలు ఎగురుతుంటే అదీ తడి ఎక్కువైన గుర్తే. వాటి పురుగులు లేత వేళ్ళను కొరుకుతాయి. పై పొర ఆరనిస్తే చాలావరకు తగ్గిపోతాయి.

బూడిదరంగు బూజు, అంటే బోట్రైటిస్, నవంబరు ముసుర్లలో వస్తుంది. సరిగ్గా ఆకు ఎర్రబడిన సమయం. రాత్రి చలికి ఆకు మీద నీటి బొట్లు నిలిస్తే గోధుమ మచ్చలు పడి కుళ్ళుతుంది. దీనికి మందు కంటే గాలి ముఖ్యం. నీళ్ళు పొద్దున్నే, మొదట్లో పోయండి. సాయంత్రం కర్టెన్లు దించేముందు లోపలి తేమగాలిని బయటికి పోనీండి. పొద్దెక్కగానే మళ్ళీ తెరవండి. కుండీల మధ్య ఆకులు తగలనంత ఎడం ఉంచండి. రాలిన ఆకులు ఏరోజుకారోజు ఏరి బయట పూడ్చండి.

ఇంకో మాట. కొమ్మ తుంచితే కారే పాలు కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తాయి. చేతి తొడుగులు వేసుకోండి.

ఇప్పుడు నేనూ, పక్క చేను పెద్దాయనా ఒక ఒప్పందానికి వచ్చినాం. టమాటా పీకేముందు ఆయన నాకు చెప్తాడు. ఆ రోజు నేను కర్టెన్లు మూసి పెట్టుకుంటా. నా అట్టల మీద దోమ పెరిగితే నేను ఆయనకు చెప్తా. దీనికి రూపాయి ఖర్చు లేదు. కానీ వేపనూనె కంటే ఎక్కువ పనిచేసింది ఇదే.

ఆకు అడుగున పిల్ల పురుగు ఎట్లుంటుందో, స్ప్రేయర్ ముక్కును పైకి తిప్పి ఎట్లా కొట్టాలో వీడియోలో దగ్గరగా చూపించినా. మొదలుపెట్టేముందు ఒకసారి చూడండి. మీ పాలీహౌస్‌లో జెర్బెరా ఉన్నా, క్యాప్సికం ఉన్నా తెల్లదోమకు ఈ పద్ధతే. ముందు రేపు పొద్దున పోయి ఒక్క ఆకు తిరగేసి చూడండి.