గాలి ఆగిననాడు దీపము వెలుగుట ఎట్లు?

డెన్మార్కులో చెప్పదగిన కొండలు లేవు. మిక్కిలి ఎత్తయిన చోటు సముద్రమట్టమునకు సుమారు 170 మీటర్లే. అందుచే జలవిద్యుత్తుకు తావులేదు. ఉన్నదెల్ల సముద్రపు గాలి. గాలితో ఒక చిక్కు కలదు. దాని వేగము సగమైనచో లభించు శక్తి సగము కాదు, ఎనిమిదవ వంతే. శక్తి వేగముయొక్క ఘనమును అనుసరించి మారును గదా!

పౌల్ లా కూర్ అను ఉపాధ్యాయుడు 1891లో ఆస్కోవ్ గ్రామమున గాలిమరతో డైనమోను త్రిప్పెను. ఆ విద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఉదజని వాయువును నిలువచేసి, దానితో పాఠశాల దీపములు వెలిగించెను. ఉదజనిలో ప్రాణవాయువు కలిసి పేలగా కిటికీ అద్దములు పగిలెనట. మన ప్రయోగశాలలో పరీక్షనాళిక మూతివద్ద ‘టప్’ మను చప్పుడు కూడ అట్టిదే.

1957లో యోహానెస్ యూల్ గెడ్సర్ వద్ద 200 కిలోవాట్ల మూడురెక్కల మరను నిలిపెను. చమురు చౌకగానున్న రోజులవి. 1967లో అది ఆగిపోయెను. 1973లో చమురు ధర మండిన పిమ్మట ఇంజనీర్లు మరల దానివైపు చూచిరి. 1991లో విండెబీ వద్ద సముద్రములోనే 11 మరలు వెలసెను. 2024 నాటికి దేశములో ఉత్పత్తియగు విద్యుత్తులో సగమునకు పైగా గాలిదే.

మరి గాలి ఆగినప్పుడు? 1970 దశకము చివరినుండి సముద్రము అడుగున వేసిన తీగలు డెన్మార్కును నార్వేతో కలుపుచున్నవి. గాలి జోరుగానున్నపుడు నార్వే ఆ విద్యుత్తును వాడుకొని తన జలాశయములలోని నీటిని దాచుకొనును. గాలి తగ్గినపుడు ఆ నీటిని వదలి విద్యుత్తు పంపును. అయితే 2022 వేసవిలో దక్షిణ నార్వే జలాశయములు తగ్గిపోగా, ఎగుమతిని పరిమితము చేయుదుమని ఆ ప్రభుత్వము ప్రకటించెను.