ఒకసారి తూచాక

ఆదోని పత్తి యార్డులో బస్తా కాటా ఎక్కి, తూకం రాసుకున్నాక దాన్ని మళ్లీ ఎత్తాల్సిన పని లేదు. ఈలోగా ఇంకో బస్తా ఎక్కితే మాత్రం కాటా చూపేది మొదటి బస్తా తూకం కాదు.

ప్రాసెసర్‌లోని ఫ్లాగులదీ ఇదే బతుకు. ఒక తీసివేత జరగ్గానే జవాబుతోపాటు అది సున్నానా, రుణమా, హద్దు దాటిందా అనే గుర్తులూ పడతాయి. 1964 నాటి ఐబీఎం సిస్టమ్/360లో ఈ గుర్తుకు రెండు బిట్లే. 1978లో వచ్చిన ఇంటెల్ 8086లో తొమ్మిది ఫ్లాగులు. గుర్తు ఎలాగూ పడింది కదా అని, ప్రోగ్రాంను ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే కంపైలర్ ఆ తర్వాతి పోలికను కొట్టేస్తుంది. కోట్లసార్లు తిరిగే లూపులో ఆ ఒక్క ఆదేశం మిగలడం తక్కువేం కాదు.

చిక్కంతా ఈ పొదుపులోనే. ఎనిమిది బిట్లలో −128 నుంచి 127 దాకే పడుతుంది. 100లోంచి −100 తీసేస్తే రావలసిన 200 అందులో పట్టక −56 అవుతుంది. జవాబు సున్నాకన్నా తక్కువా? అవును. 100 అనేది −100 కన్నా తక్కువా? కాదు. 8086 కుటుంబమైన ఎక్స్86లో ఈ తీసివేత ఓవర్‌ఫ్లో ఫ్లాగును ఎత్తుతుంది, జవాబును సున్నాతో విడిగా పోల్చే ఆదేశం దాన్ని దించుతుంది. ఆ రెండో ఆదేశాన్ని తీసేసి, ‘తక్కువైతే ఇటు పో’ అన్న మలుపును అలాగే ఉంచితే ప్రోగ్రాం తప్పుదారి పడుతుంది. ఇలాంటి తప్పు నెలల తరబడి కనబడకుండా దాగుతుంది, అందుకే నాకు దీనంటే భయం.

పైగా ఫ్లాగుల తీరు ఆదేశాన్ని బట్టీ, ప్రాసెసర్‌ను బట్టీ మారుతుంది. ఎక్స్86లో రిజిస్టర్‌ను ఎక్స్‌ఓఆర్ ఆదేశంతో సున్నా చేస్తే పాత ఫ్లాగులు చెరిగిపోతాయి, మూవ్‌తో చేస్తే నిలుస్తాయి. తీసివేతలో అప్పు తెచ్చుకుంటే ఎక్స్86లో క్యారీ ఫ్లాగు 1, ఆర్మ్ ప్రాసెసర్లలో 0. ఆర్మ్‌లో చాలా లెక్కలకు అడిగితేనే ఫ్లాగులు పడతాయి. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు అనుసరించే రిస్క్-ఫైవ్‌లో పూర్ణాంకాల లెక్కకు ఫ్లాగులే లేవు.

ఎమ్మిగనూరు నేతగాడి జేబులో ఫోన్ ఆర్మ్‌తో నడుస్తుంది, బట్టల కొట్లో బిల్లు కొట్టే కంప్యూటర్ సాధారణంగా ఎక్స్86. గజాల లెక్క రెండింట్లోనూ ఒకటే రావాలి. అందుకే పరీక్షించేవాళ్లు ఒకే ప్రోగ్రామ్‌ను పొదుపుతోనూ, పొదుపు లేకుండానూ కంపైల్ చేసి, చేతిలో లేని ప్రాసెసర్‌ను క్యూఈఎంయూతో అనుకరించి జవాబులు పోలుస్తారు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పుట్టిన సీస్మిత్ అనే సాధనం, యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాములు అల్లి ఇలా పోల్చి, 2011 నాటికి కంపైలర్లలో 325కు పైగా తప్పులు బయటపెట్టింది.

అయినా యాదృచ్ఛికాన్నే నమ్ముకోకూడదు. 0, 127, −128, ఆ 100, −100 జంట ప్రతి ప్రాసెసర్ మీదా, కంపైలర్ మారిన ప్రతిసారీ మళ్లీ కాటా ఎక్కాలి.