మేడారం దారిలో పిల్లల సద్ది

మాఘ శుద్ధ పౌర్ణమి దగ్గర పడుచున్నదనగా, తెలంగాణమున ఎన్నో ఇండ్లలో రెండేండ్లకొకసారి ఒక సందడి బయలుదేరును. మ్రొక్కు తీర్చుటకు బంగారము కొనవలెను. ఈ బంగారము కంసాలి అంగడిలో దొరకునది కాదు. మనిషి బరువునకు సరితూగునట్లు తూచి అమ్మవార్ల కర్పించు బెల్లమును సమ్మక్క సారలమ్మల భక్తులు బంగారమనియే పిలుతురు. కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, చీరెలు, వంట పాత్రలు, దుప్పట్లు అన్నియు ముందుగనే మూట గట్టుదురు. పిల్లల తిండి మాత్రము చిట్టచివర జ్ఞప్తికి వచ్చును. కారు ఎక్కిన పిమ్మట, హనుమకొండలోనో ములుగులోనో ఆగినప్పుడు, చేతికందిన పొట్లములు నాలుగు కొని వారి ఒడిలో వేయుదురు.

మేడారము పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2019 నుండి ములుగు జిల్లాలో చేరినది. హనుమకొండ నుండి సుమారు 100 కిలోమీటర్లు, హైదరాబాదు నుండి సుమారు 250 కిలోమీటర్లు. మామూలు దినములలో హైదరాబాదు వారికిది అయిదారు గంటల ప్రయాణము. జాతర దినములలో మాత్రము పస్రా దాటిన తరువాత అడవి దారిలో వాహనములు బారులు తీరి గంటల తరబడి నిలిచిపోవుట కలదు. 2022లో ఫిబ్రవరి 16 నుండి 19 వరకును, 2024లో ఫిబ్రవరి 21 నుండి 24 వరకును జాతర జరిగినది. ఆ కాలమున తెల్లవారుజామున చలి, మధ్యాహ్నమున ఎండ. ఇట్టి దారిలో పిల్లవానికి ఏమి పెట్టవలెను, ఏమి పెట్టరాదు అనునది చిన్న విషయమువలె తోచును. వైద్యుడు అందుబాటులో లేని అడవి మధ్యన అది చిన్న విషయము కాదు.

ఎడ్లబండి నాటి పిల్లలకు లేని బాధ యొకటి కారులోని పిల్లలకు కలదు. అది కడుపు త్రిప్పుట. మన చెవి లోపలి భాగమున, ద్రవముతో నిండిన మూడు అర్ధవలయపు గొట్టములును, సన్నని సున్నపు రేణువులు గల రెండు సంచులును ఉన్నవి. తల తిరిగినను, ఒడలు ముందునకో వెనుకకో ఊగినను ఇవి మెదడునకు వార్త పంపును. కారు వెనుక సీటులో కూర్చుండి, ముందు సీటు వీపునో చేతిలోని సెల్‌ఫోనునో చూచు పిల్లవాని కన్నులు, ‘మనము కదలుట లేదు’ అని చెప్పును. చెవి, ‘కదలుచున్నాము’ అని చెప్పును. ఈ రెండు సాక్ష్యములకు పొత్తు కుదరనప్పుడు నోట నీరూరుట, ముఖము పాలిపోవుట, వాంతి కలుగును. రెండేండ్లలోపు శిశువులకు ఈ బాధ అరుదు. రెండు మొదలు పన్నెండేండ్ల వరకు హెచ్చు.

ఊపులన్నియు ఒకే విధముగ బాధింపవు. అయిదు సెకనులకొక ఊపు చొప్పున నెమ్మదిగ సాగు కదలిక అన్నిటికంటె చెడ్డది. మలుపుల దారిలోను, ఆగుచు సాగుచు పోవు వాహనముల బారులోను కారునకు కలుగు కదలిక ఇంచుమించు ఇట్టిదే. ఎడ్లబండి కుదుపు ఇంతకంటె చాల త్వరితమైనది. ఒడలు నొచ్చునేమో కాని కడుపు త్రిప్పుట తక్కువ. పైగా బండిలోని పిల్లలు చుట్టును చెట్లను గుట్టలను చూచుచుండెడివారు. విసుగు పుట్టినచో దిగి బండి ప్రక్కన నడచెడివారు.

కడుపు త్రిప్పు పిల్లవానికి ఏమియు పెట్టక ఎండగట్టుట కొందరి పద్ధతి. ‘బిడ్డకు కడుపు నిండ పెట్టు, మళ్ళ యెప్పుడు తింటడో’ అని అవ్వ యనుట మరియొక పద్ధతి. రెండును పొరపాటే. ఉత్త కడుపున వికారము హెచ్చగును. కడుపునిండ పూరీలో, మిరపకాయ బజ్జీలో తినిపించినచో వేరొక చిక్కు. పిండి పదార్థములు జీర్ణకోశమును త్వరగ దాటిపోవును; మాంసకృత్తులు అంతకంటె ఆలస్యముగ, నూనె నెయ్యి అన్నిటికంటె ఆలస్యముగ దాటును. వికారము మొదలైనప్పుడు జీర్ణకోశపు కదలిక ఇంకను మందగించును గనుక, నూనె తిండి అచటనే నిలిచి, తుదకు వచ్చిన దారినే తిరిగి వచ్చును. బయలుదేరుటకు గంట ముందు రెండు ఇడ్లీలు, లేదా కొంచెము పలుచని ఉప్మా చాలును. దారిలో గంటన్నరకో రెండు గంటలకో కొద్దికొద్దిగ పొడి తిండి పెట్టవలెను. మరమరాలు, అటుకులు, తీపి తక్కువగల బిస్కెట్లు, అరటిపండు ఇందుకు అనుకూలము. అరటిపండ్లను సంచి అడుగున పెట్టినవారికి ములుగు చేరునప్పటికి అరటి గుజ్జు మాత్రమే మిగులును.

మూత్రమునకు మాటిమాటికి కారు ఆపవలసి వచ్చునని పిల్లలకు నీరు తగ్గించు తల్లిదండ్రులను చాలమందిని చూచితిని. ఇది తగదు. అరగంటకొకసారి రెండు మూడు గుక్కలు త్రాగించినచో కడుపున బరువుండదు, దాహమును తీరును. పిల్లవాని మూత్రము చిక్కని పసుపు రంగున నున్నదనిన నీరు చాలలేదని గుర్తు. కాచి చల్లార్చిన నీరు ఇంటినుండియే కావలసినదానికి రెట్టింపు తీసికొనిపోవుట మేలు. జంపన్న వాగులో స్నానము పుణ్యము కావచ్చును గాని, ఆ నీరు పిల్లల నోటిలోనికి పోకుండ చూచుకొనవలెను. అన్ని లక్షలమంది మునిగిన నీటిలో ఏమేమి యుండునో చెప్పనక్కరలేదు.

ఇక అన్నిటికంటె ప్రమాదకరమైనది వేరొకటి కలదు. కారులో పిల్లల చేతికి మనము సాధారణముగ ఇచ్చునవి వేయించిన పల్లీలు, శనగలు, బఠానీలు. ఇవి బలవర్ధకములే. కాని నాలుగైదేండ్లలోపు పిల్లలకు గింజ గింజగ ఇచ్చుట అపాయకరము. నమలి నూరు దంతములు మొదటివి ఏడాది దాటిన తరువాత వచ్చును. రెండవ జత రెండేండ్లు దాటిన గాని పూర్తి కాదు. వచ్చిన పిదపకూడ చక్కగ నమలుట పిల్లలకు నెమ్మదిగ అలవడును. పసివాని శ్వాసనాళము రమారమి వాని చిటికెన వ్రేలంత లావుండును. నోట పల్లీ యుండగా కారు గతుకులో ఎగిరినను, గట్టిగ బ్రేకు వేసినను, పిల్లవాడు నవ్వినను ఏడ్చినను గింజ ఊపిరితోపాటు లోనికి పోవచ్చును. ముందు కూర్చున్న పెద్దలు దానిని గమనింపరు. గొంతు పూర్తిగ అడ్డుపడిన పిల్లవాడు కేక వేయలేడు గదా. ఒక్కొక్కప్పుడు గింజ ఊపిరితిత్తుల కొమ్మలోనికి జారి నిలుచును. కొంతసేపు దగ్గి పిల్లవాడు ఊరకుండును. పల్లీలోని నూనె అచట వాపు పుట్టించి, కొన్ని దినములకు విడువని దగ్గుగ, జ్వరముగ బయటపడును. అప్పుడు గొట్టము దింపి తీయవలసి వచ్చును.

మాఘమాసము రేగుపండ్ల కాలము. వాని గింజలు, గుండ్రని ద్రాక్షపండ్లు, గట్టి చప్పరింపు మిఠాయిలు, రాతివంటి బెల్లపు ముక్కలు కూడ ఈ జాబితాలోనివే. ద్రాక్షను నిలువున నాలుగు ముక్కలుగ కోసి ఇయ్యవచ్చును. ఏమి తిన్నను కారు ఆపి, పిల్లవాని నిటారుగ కూర్చుండబెట్టి తినిపించుట ఉత్తమము. పొలమారి గట్టిగ దగ్గుచున్న పిల్లవానిని దగ్గనీయవలెను. దగ్గలేక, ఏడ్వలేక, పెదవులు నీలబారుచున్నచో కారు ఆపి, ముందునకు వంచి, రెక్కల నడుమ వీపుపై అరచేతి మడమతో అయిదు దెబ్బలు కొట్టవలెను. అప్పటికిని రానిచో, ఏడాది దాటిన పిల్లవానికి వెనుకనుండి చేతులు చుట్టి, బొడ్డునకు పైన పిడికిలి నుంచి, లోనికిని పైకిని అయిదుసార్లు నొక్కవలెను. ఏడాదిలోపు శిశువును ముంజేతిపై బోర్ల, తల క్రిందుగ పరుండబెట్టి వీపుపై కొట్టి, తరువాత వెల్లకిల త్రిప్పి రెండు వ్రేళ్ళతో రొమ్ము నడుమ అయిదుసార్లు నొక్కవలెను. శిశువుల కడుపు నొక్కరాదు. గింజ వెలికి వచ్చువరకు ఈ రెంటిని మార్చి మార్చి చేయుచు, 108కి ఫోను చేయింపవలెను. పిల్లవాడు స్పృహ తప్పినచో నేలపై పరుండబెట్టి రొమ్మును నొక్కుట ఆరంభింపవలెను. కనబడని దానికై గొంతులో వ్రేలు పెట్టి కెలకుట, నీరు పోయుట మిక్కిలి తప్పు.

పల్లీలను శనగలను పూర్తిగ మానవలసిన పని లేదు; పొడి చేసినచో చాలును. ఇందుకు మన హైదరాబాదులోనే చక్కని మార్గము కనుగొనిరి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనాలయముగ పుట్టి, 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ, బలహీనులైన పిల్లలకై ‘హైదరాబాదు మిక్స్’ అను పిండిని రూపొందించినది. వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లము 20 గ్రాములు కలిపి దంచినదే ఈ పిండి. ఇందు సుమారు 330 కెలోరీల శక్తియు, 11 గ్రాముల మాంసకృత్తులును కలవు. దీనిని ఇంట చేసికొని, గోరువెచ్చని నీటితో కలిపి ముద్దగనో జావగనో పెట్టవచ్చును. మన సత్తుపిండికి ఇది దగ్గరి చుట్టమే. ఆరు నెలలలోపు శిశువునకు ప్రయాణములోకూడ తల్లిపాలు తప్ప మరేదియు అక్కరలేదు.

పెద్దపిల్లలకు సంక్రాంతి నాటి సకినాలు, మురుకులు, నువ్వుల ముద్దలు మిగిలియుండవచ్చును. ఇవి వారములు గడచినను చెడకుండుటకు కారణము కలదు. సూక్ష్మజీవులు పెరుగుటకు ఆహారములో వానికి అందు నీరుండవలెను. ఈ అందుబాటును శాస్త్రజ్ఞులు సున్న నుండి ఒకటి వరకు కొలతురు. అన్నము, మాంసము ఇంచుమించు ఒకటికి చేరువలో నుండును. 0.6 కంటె తక్కువైనచో ఏ సూక్ష్మజీవియు వృద్ధి పొందదు. నూనెలో ఎర్రగ వేగిన సకినము అంతకంటె చాల తక్కువ. అయినను నూనె, ఉప్పు గలవి గనుక రెండు మూడు చాలును; లేనిచో దాహము, వికారము.

అన్నము సంగతి వేరు. అన్నములో పెరుగు ఒక జాతి బాక్టీరియా యొక్క బీజములు ఉడికినను చావవు. వండిన అన్నము వెచ్చగ గంటల తరబడి నిలిచినచో అవి మొలచి, వాంతి పుట్టించు విషమును తయారుచేయును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. పులిహోరలోని చింతపండు పులుపు వానిని కొంత అణచును గాని, పులుపు అన్ని మెతుకులకు సమముగ పట్టునను నమ్మకము లేదు. తెల్లవారుజామున కలిపి, ఆరబెట్టి, చల్లనిచోట నుంచిన పులిహోరను ఉదయపు పూటనే తినివేయవలెను. పెరుగన్నమును అట్లే. ఎండలో తలుపులు మూసియుంచిన కారు లోపల గంటలో రమారమి 20 డిగ్రీల వేడి హెచ్చవచ్చును. అందు పెద్ద భాగము మొదటి అరగంటలోనే హెచ్చును. గద్దెల కడకు పోవునప్పుడు సద్ది మూట నిట్టి కారులో విడిచిపోవుట సూక్ష్మజీవులకు విందు పెట్టుట యగును. అట్టి కారులో పిల్లలను విడిచిపోరాదని వేరుగ చెప్పవలెనా?

అడవి దారిలో కోతులున్నవి. కిటికీ తెరచి పిల్లలు వానికి తిండి అందింపరాదు. తొక్కలు, కాగితములు కారులోనే ఒక సంచిలో వేసికొని, ఊరు చేరిన తరువాత పారవేయవలెను.

తిరుగు ప్రయాణమున రెండు వస్తువులు కారు ఎక్కును. ఒకటి ప్రసాదపు బెల్లము. పిల్లలు దారి పొడుగున దానిని కొరుకుచుందురు. నోటిలోని సూక్ష్మజీవులు ఆ తీపిని పులియబెట్టి ఆమ్లము చేయును. లాలాజలము దానిని విరిచి పంటికి పూర్వస్థితి కలిగించుటకు అరగంట మొదలు గంట వరకు పట్టును. పది నిమిషములకొక ముక్క చొప్పున తినువానికి ఆ విరామమే దొరకదు. ఒక్కసారి పెట్టి, నీటితో నోరు పుక్కిలింపజేయుట మేలు. రెండవది, అమ్మవార్లకు మ్రొక్కి కోసిన మేక కూరో కోడి కూరో, గిన్నెలో మిగిలినది. మధ్యాహ్నము వండినది రాత్రి ఏ పస్రా దగ్గరనో వాహనముల నడుమ చిక్కినప్పుడు, ఆకలిగొన్న పిల్లలకు పెట్టబుద్ధి పుట్టును. వండిన రెండు గంటల తరువాత, ఎండ మిక్కుటమైనచో గంట తరువాత, ఆ కూర పిల్లలకు తగదు. మేడారముననే ఇరుగుపొరుగు విడిదుల వారితో పంచుకొని గిన్నె కడుగుకొని, పిల్లలకై పుట్నాల పొడి డబ్బా నొకదానిని ముట్టక మిగిల్చి యుంచుకొనవలెను.