పరగడుపున వణుకా? పట్టించుకోండి!

పొద్దున్నే టిఫిన్ తినకుండా ఆటోనగర్ షెడ్డుకు వెళ్ళే మీవారికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతోందా? కాస్త పంచదార నోట్లో వేసుకోగానే తేరుకుంటున్నారా? "నీరసమేలే" అని ఊరుకోకండి. షుగరు మందులు వాడనివారికి పదే పదే ఇలా అవుతుంటే క్లోమంలో ఇన్సులినోమా అనే చిన్న కణితి ఉండవచ్చు. అది అక్కర్లేకపోయినా ఇన్సులిన్ ఊరించి రక్తంలో చక్కెరను పడగొడుతుంది. చాలా అరుదైన జబ్బు. ఎక్కువమందిలో క్యాన్సర్ కాదు.

దీనికి ఆపరేషనే ముఖ్యమైన వైద్యం. ఆపరేషన్ తట్టుకోలేనివారికి మరో దారి ఉంది. నోటిగుండా ఎండోస్కోప్ గొట్టం పంపి, దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో కణితిని చూస్తూ, లోపలినుంచే సూది గుచ్చి, రేడియో ఫ్రీక్వెన్సీ వేడితో మాడ్చేస్తారు. పొట్టమీద కోత ఉండదు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ముగ్గురికి ఇలా చేసి, బాధలు తగ్గిన వైనాన్ని 2016లో ప్రచురించారు. అయితే తర్వాత క్లోమం వాచి కడుపునొప్పి రావచ్చు. క్లోమ క్యాన్సర్‌కు మాత్రం ఇది ఆపరేషన్‌కు బదులు కాదు.

మీరు చేయవలసిందల్లా ఇదీ: ఏ పూట వచ్చింది, అంతకుముందు ఎప్పుడు తిన్నారు, ఏం తింటే తేరుకున్నారు అన్నది రాసిపెట్టండి. ఆ సమయంలోనే షుగరు పరీక్ష చేయించి, ఆ కాగితంతోసహా డాక్టరుగారికి చూపించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.